లోతు 94 కిలోమీటర్లు, మాగ్నిట్యూడ్ ఖాళీ: ఏటూరునాగారం వైపు వచ్చిన ఒక చిన్న భూకంపంపై కేస్ స్టడీ

వరంగల్ చుట్టుపక్కల మాకున్న చిన్న భూకంప స్టేషన్ల నెట్‌వర్క్‌లో మా సాఫ్ట్‌వేర్ ఒక భూకంపాన్ని పట్టుకుంది. సమయం, స్థలం, లోతు అన్నీ ఇచ్చింది. మాగ్నిట్యూడ్ గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. మా హెచ్చరిక స్క్రిప్ట్ మాగ్నిట్యూడ్ చూసుకునే మెసేజ్ పంపుతుంది కాబట్టి, ఆ గడి ఖాళీ అయ్యేసరికి మెసేజ్ ఎవరికీ పోలేదు. ఏటూరునాగారం దిక్కు నుంచి "ఇంట్ల గిన్నెలు గలగలమన్నయి సార్, భూకంపమేనా?" అని ఫోన్లు మొదలయ్యాకే డ్యూటీలో ఉన్నవాళ్లు స్క్రీన్ తెరిచి చూశారు. ఈవెంట్ అక్కడే ఉంది. లోతు 94 కి.మీ. అని రాసి ఉంది.

ఈ ప్రాంతం గురించి కొంచెం తెలిసిన వాళ్లెవరికైనా ఆ 94 చూడగానే అనుమానం రావాలి. తూర్పు ధార్వార్ క్రేటాన్, అంటే ఈ ప్రాంతం కింద ఉన్న పురాతన గట్టి రాతి ఖండం, కింద భూపటలం మందం దాదాపు 35 నుంచి 40 కి.మీ. దాని కింద ఉన్నది మాంటిల్. మన దగ్గర భూకంపాలు పుట్టేది భూపటలంలోనే. 2024 డిసెంబర్ 4న ఉదయం 7:27కి ములుగు జిల్లాలో 5.3 మాగ్నిట్యూడ్‌తో వచ్చి, హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనాన్ని ఇళ్లలోంచి బయటికి తెచ్చిన భూకంపానికి కూడా జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ప్రకటించిన లోతు 40 కి.మీ. అదే మనకు బాగా లోతు కింద లెక్క. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపంతో కలిపి చూస్తే, ఈ రెండూ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన గోదావరి పగులు లోయకు చెందినవే. సింగరేణి బొగ్గు దొరికేది కూడా ఆ లోయలో పేరుకున్న గోండ్వానా రాళ్లలోనే. అక్కడ 94 కి.మీ. లోతున భూకంపం అంటే నమ్మడానికి చాలా గట్టి ఆధారం కావాలి.

కాబట్టి నా ముందు రెండు ప్రశ్నలు ఉన్నాయి. లోతు ఎందుకు తప్పింది? లోతు తప్పితే మాగ్నిట్యూడ్ ఎందుకు మాయమైంది? రెండోది తేలిక, దాన్ని ముందు చెప్తాను.

మేము వాడేది జర్మనీలోని పోట్స్‌డామ్ జీఎఫ్‌జెడ్, గెంపా సంస్థలు అభివృద్ధి చేసిన భూకంప సాఫ్ట్‌వేర్ సైస్‌కాంప్. దానిలో పని ముక్కలు ముక్కలుగా జరుగుతుంది. ఆటోపిక్ తరంగం వచ్చిన క్షణాన్ని గుర్తిస్తుంది. ఆటోలాక్ ఆ క్షణాలను కలిపి స్థలం, లోతు తేలుస్తుంది. ఎస్‌సీ‌ఆంప్ ప్రతి స్టేషన్ దగ్గర కంపనం ఎంత ఎత్తు లేచిందో కొలుస్తుంది. ఎస్‌సీ‌మ్యాగ్ ఆ కొలతను మాగ్నిట్యూడ్‌గా మారుస్తుంది. ఆ ఈవెంట్‌కు స్టేషన్లన్నిటి ఆంప్లిట్యూడ్ కొలతలు డేటాబేస్‌లో చక్కగా ఉన్నాయి. అంటే సిగ్నల్ సరిపోక ఆగిపోలేదు. ఆగింది ఎస్‌సీ‌మ్యాగ్ దగ్గర. ప్రోగ్రామ్ తన పనులు రాసుకునే చిట్టాను అతి వివరంగా రాసే డీబగ్ స్థాయికి పెంచి అదే ఈవెంట్‌ను మళ్లీ నడిపితే కారణం బయటపడింది: లోతు పరిధి దాటింది.

సైస్‌కాంప్‌లో స్థానిక మాగ్నిట్యూడ్‌కు, అంటే ఎంఎల్ కుటుంబానికి, మామూలుగా వచ్చే గరిష్ఠ లోతు 80 కి.మీ., గరిష్ఠ దూరం 8 డిగ్రీలు. 8 డిగ్రీలంటే దాదాపు 890 కి.మీ. మా దగ్గర ఈ విలువలను ఎవరూ ముట్టుకోలేదు. లోతు 94 రాగానే ప్రతి స్టేషన్ మాగ్నిట్యూడ్ తిరస్కరణకు గురైంది, స్టేషన్ విలువలు లేనప్పుడు నెట్‌వర్క్ సగటూ లేదు. దూరపు భూకంపాలకు వాడే ఎంబీ రకం అయినా వస్తుందా అంటే, దానికి కనీసం 5 డిగ్రీల దూరం కావాలి. మా స్టేషన్లన్నీ ఈ భూకంపానికి అంతకన్నా చాలా దగ్గర. దాంతో ఆ గడి ఖాళీగానే మిగిలింది.

"పరిమితి 700 పెడితే పోతది కదా సార్?"

మా దగ్గర సిస్టమ్ చూసుకునే కుర్రాడు అడిగిన మాట ఇది. చాలా చోట్ల చేసేది కూడా ఇదే. సంఖ్య రావడం లేదా, గేటు తెరిచేద్దాం. అతన్ని ఆపలేదు. అసలు సిస్టమ్ మీద కాకుండా టెస్ట్ మెషీన్ మీద, అదే ఈవెంట్ ఫైల్ తీసుకుని, పరిమితి 700 చేసి ఎస్‌సీ‌మ్యాగ్‌ను మళ్లీ లెక్కించే మోడ్‌లో నడపమన్నాను. మాగ్నిట్యూడ్ వచ్చింది: 3.3.

"వచ్చింది సార్!"

"వచ్చింది సరే, స్టేషన్ల వారీగా చూడు తమ్మీ."

స్టేషన్ల వారీగా చూస్తే దగ్గరి స్టేషన్ ఎక్కువ చెబుతోంది, దూరం పెరిగేకొద్దీ విలువ తగ్గుతూ పోతోంది. ఇలాంటి వాలు కనిపించిందంటే యాదృచ్ఛిక తేడాలు కావు. లెక్కలో దూరం ఎక్కడో తప్పిందని అర్థం. ఎందుకో చూద్దాం.

మేము పెట్టుకున్న ఎంఎల్ సూత్రం అంతర్జాతీయంగా ప్రామాణికంగా వాడేదే: ఎంఎల్ = లాగ్ ఏ + 1.11 × లాగ్ ఆర్ + 0.00189 × ఆర్ − 2.09. ఇందులో లాగ్ అంటే సంవర్గమానం, ఏ అంటే వుడ్-ఆండర్సన్ అనే పాత ప్రామాణిక భూకంప పరికరం మీద కనిపించే కదలికను నానోమీటర్లలోకి మార్చిన విలువ, ఆర్ అంటే నాభి, అంటే భూమి లోపల భూకంపం పుట్టిన చోటు, నుంచి స్టేషన్‌కు కిలోమీటర్లలో దూరం. నాభి దూరం కాబట్టి లోతు నేరుగా లోపలికి వస్తుంది. అధికేంద్రం, అంటే నాభికి సరిగ్గా పైన నేల మీది చోటు, నుంచి 60 కి.మీ. దూరంలో ఉన్న స్టేషన్ తీసుకుందాం. లోతు 10 అయితే ఆర్ దాదాపు 61. లోతు 94 అయితే ఆర్ 111 దాటుతుంది. కొలిచిన కంపనం అదే, కానీ అది అంత దూరం నుంచి వచ్చిందని నమ్మిన సూత్రం భూకంపం పెద్దదని చెబుతుంది. తేడా 0.39. అదే 95 కి.మీ. దగ్గర 0.23, 130 దగ్గర 0.16, 200 దగ్గర 0.09. మా టెస్ట్‌లో కనిపించిన వాలు ఇదే. సగటు మీద 0.2 పెరిగిపోయి 3.1 ఉండాల్సినది 3.3 అయింది.

0.2 ఏమంత పెద్ద విషయం అనిపించవచ్చు. కానీ దగ్గరి స్టేషన్ ఒక్కటే పనిచేసే రోజు అది 0.4 అవుతుంది. ఆపైన, ఈ వివరాలన్నీ కేటలాగ్‌లోకి, అంటే భూకంపాల శాశ్వత జాబితాలోకి, పోతాయి. ఏళ్ల తర్వాత ఎవరో గోదావరి లోయలో ఏ సైజు భూకంపాలు ఎన్ని వస్తున్నాయని లెక్క తీసి, దాన్నిబట్టి ఆనకట్టకో వంతెనకో డిజైన్ విలువ నిర్ణయిస్తారు. మనం గడి నింపడానికి వేసిన అంకె అక్కడ ఆధారం అయిపోతుంది. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్ని మాగ్నిట్యూడ్ రకాలూ నాభి దూరాన్నే వాడవు, కొన్నిటికి అధికేంద్ర దూరం చాలు. అధికేంద్ర దూరం వాడే రకంలో లోతు తప్పినా ఈ వాలు కనిపించదు. అంటే తప్పును పట్టించే ఆనవాలు కూడా పోతుంది. మీ దగ్గర ఏది నడుస్తుందో ముందు చూసుకోండి.

పరిమితి తెరవకూడదనడానికి ఇంతకన్నా గట్టి కారణం ఇంకొకటి ఉంది. దాన్ని కూడా టెస్ట్ మెషీన్ మీదే చూపించాను.

చిన్న నెట్‌వర్క్ మీదుగా దూరపు భూకంపపు పీ తరంగం, అంటే అన్నిటికన్నా ముందు వచ్చే తరంగం, పోతుంటే ఏమవుతుంది? ఉదాహరణకు 2013 మే 24న ఒఖోట్‌స్క్ సముద్రం కింద 600 కి.మీ.కు మించిన లోతులో వచ్చిన 8.3 భూకంపం. అది వరంగల్‌కు దాదాపు 66 డిగ్రీల దూరం. అంత దూరం నుంచి వచ్చే తరంగం భూమి లోపల కిందికి దిగి, మన కిందకు వచ్చేసరికి దాదాపు నిటారుగా పైకి లేస్తుంది. అందువల్ల భూపాలపల్లిని, హనుమకొండను, కరీంనగర్‌ను చాలా తక్కువ తేడాతో తాకుతుంది. ఉపరితలం మీద చూస్తే అది సెకనుకు 17 కి.మీ. వేగంతో పరిగెత్తినట్టు ఉంటుంది. మాంటిల్ పైభాగంలో పీ వేగమే సెకనుకు 8 కి.మీ. దూరపు స్టేషన్లు ఎక్కువ ఉన్న నెట్‌వర్క్ అయితే ఇది దూరపు భూకంపమని తేలిపోతుంది. మా లాంటి చిన్న నెట్‌వర్క్‌లో, ముఖ్యంగా మొదటి కొన్ని సెకన్లలో, ఆటోలాక్‌కు ఇంకో సమాధానం కూడా కుదురుతుంది: స్టేషన్ల కింద కొన్ని వందల కిలోమీటర్ల లోతున ఒక స్థానిక భూకంపం. అన్ని స్టేషన్లనూ దాదాపు ఒకేసారి తాకాలంటే కింద బాగా లోతుగా ఉండాలి కదా.

ఇలాంటి దొంగ ఈవెంట్‌ను ఎంఎల్ దగ్గర ఆపేది 80 కి.మీ. పరిమితే. దూరం పరిమితి ఆపలేదు, ఎందుకంటే తప్పుడు అధికేంద్రం మన నెట్‌వర్క్ కిందే ఉంటుంది. 80 ఉన్నప్పుడు ఆ ఈవెంట్‌కు మాగ్నిట్యూడ్ రాదు, మెసేజ్ పోదు. 700 చేసిన టెస్ట్ మెషీన్ మీద లోతైన దూరపు భూకంపాల పాత రికార్డులు నడిపిస్తే, వరంగల్ కింద స్థానిక భూకంపం అంటూ మాగ్నిట్యూడ్‌తో సహా లేచి కూర్చుంది. ఆ మెసేజ్ జిల్లా అధికారుల ఫోన్లకు పోయి ఉంటే ఏమయ్యేదో ఆ కుర్రాడికి నేను వేరే చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

అసలు ఈ లోతు పరిమితి ఎందుకు పెట్టారో కూడా ఒక మాట. రిక్టర్ 1935లో ఎంఎల్‌ను కట్టింది దక్షిణ కాలిఫోర్నియా కోసం. 100 కి.మీ. దూరంలో వుడ్-ఆండర్సన్ పరికరం మీద 1 మి.మీ. కదలిక వస్తే మాగ్నిట్యూడ్ 3. అక్కడ భూకంపాలు ఎక్కువగా 15, 20 కి.మీ. లోపలే పుడతాయి. దూరంతో కంపనం ఎలా తగ్గుతుందన్న లెక్క మొత్తం భూపటలంలో ప్రయాణించే తరంగాలదే. మాంటిల్ నుంచి పైకి వచ్చే తరంగానికి ఆ తగ్గుదల లెక్క వర్తించదు. ఉపరితల తరంగాలతో కొలిచే ఎంఎస్‌కు సైస్‌కాంప్‌లో 100 కి.మీ. పరిమితి ఉండటానికి కారణం వేరు: లోతైన భూకంపం 20 సెకన్ల ఉపరితల తరంగాలను సరిగా లేపదు, కాబట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. ఎంబీకి మాత్రం గూటెన్‌బర్గ్, రిక్టర్ ఇచ్చిన దూరం-లోతు పట్టిక 700 కి.మీ. దాకా ఉంది కాబట్టి దానికి 700 న్యాయమే. ఒక రకం పరిమితిని ఇంకో రకానికి అతికించడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది.

94 ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు మొదటి ప్రశ్న. మ్యాప్ మీద మా స్టేషన్లను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఏటూరునాగారం వైపు భూకంపానికి భూపాలపల్లి స్టేషన్ దాదాపు 60 కి.మీ., హనుమకొండ, మహబూబాబాద్ 90 పైన, కరీంనగర్ 130, కామారెడ్డి వైపు 200. అన్నీ పడమర, నైరుతి దిక్కులే. గోదావరి దాటితే ఛత్తీస్‌గఢ్ అడవి, అటు మాకు ఒక్క స్టేషన్ కూడా లేదు. లోతు నమ్మకంగా తేలాలంటే, మామూలుగా చెప్పుకునే లెక్క ప్రకారం, అధికేంద్రం నుంచి కనీసం ఒక స్టేషన్ ఆ లోతుకు ఒకటి రెండింతల దూరంలోపు ఉండాలి. 10 కి.మీ. లోతుకు 60 కి.మీ. దూరపు స్టేషన్‌తో లోతు తేలదు. లోతు కాస్త పెంచి, పుట్టిన సమయం కాస్త ముందుకో వెనక్కో జరిపితే పీ సమయాలన్నీ దాదాపు అంతే బాగా సరిపోతాయి.

మిగతా సగం భూపాలపల్లి రికార్డులో ఉంది. ఆ స్టేషన్ బొగ్గు గనులకు దగ్గర. డంపర్లు, యంత్రాల చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. ఆ చప్పుడులో చిన్న పీ మునిగిపోయింది. ఆటోపిక్ నిద్ర లేచింది పీ తర్వాత వచ్చే బలమైన ఎస్ తరంగం వచ్చినప్పుడు. దాన్ని పీ అని రాసుకుంది. 60 కి.మీ. దగ్గర ఎస్, పీ కన్నా ఏడు సెకన్లకు పైగా ఆలస్యంగా వస్తుంది. దగ్గరి స్టేషన్‌కు ఆలస్యం, దూరపు స్టేషన్లకు మామూలు. దగ్గరికీ దూరానికీ మధ్య తేడా ఇలా తగ్గిపోతే లోతు పెంచడమే లెక్కకు సులువైన దారి. ఆటోలాక్ అదే చేసింది. మిగిలిన దోషం, అంటే లెక్కించిన సమయాలకూ గుర్తించిన సమయాలకూ ఉన్న తేడా, ఎక్కువే ఉంది కానీ ఆటోలాక్ ఊరుకునే పరిమితి దాటలేదు.

దీనికి తోడు ఇంకో చిన్న దోషం ఎప్పుడూ పనిచేస్తుంటుంది. భూమి లోపల ఏ లోతున తరంగ వేగం ఎంతో చెప్పే, లెక్కకు వాడే ఐఏఎస్‌పీ91 మోడల్‌లో పైన 20 కి.మీ. వరకు పీ వేగం సెకనుకు 5.8 కి.మీ. లోయలోని ఇసుకరాయి పొరల్లో వేగం అంత ఉండదు. 3 కి.మీ. మందం, 4 కి.మీ. వేగం అనుకుంటే దాదాపు పావు సెకను ఆలస్యం. లోయలో ఉన్న స్టేషన్లకే ఈ ఆలస్యం, హనుమకొండ గ్రానైట్ మీద ఉన్న స్టేషన్‌కు లేదు. ఇది ఒక్కటే 94 తేదు, కానీ లోతును ఎప్పుడూ ఒకే వైపు, కిందికి, నెడుతుంది.

భూపాలపల్లి పిక్‌ను, అంటే ఆటోపిక్ గుర్తించిన క్షణాన్ని, చేత్తో సరిచేసి, అసలు పీ ఎక్కడుందో గుర్తించి, రెండు మూడు స్టేషన్లలో ఎస్ కూడా కలిపితే లోతు పటలంలోకి వచ్చింది. అయినా ఆ అంకెను నేను నమ్మలేదు, ఎందుకంటే 5 పెట్టినా 20 పెట్టినా మిగిలిన దోషంలో పెద్ద తేడా లేదు. కాబట్టి 10 కి.మీ. దగ్గర స్థిరం చేసి, లోతు స్థిరం చేసినదని కేటలాగ్‌లో గుర్తు పెట్టాం. అప్పుడు స్టేషన్ల మధ్య వాలు పోయింది. ఎంఎల్ 3.1.

చేసిన మార్పులు

ఎంఎల్ గరిష్ఠ లోతు 80 దగ్గరే ఉంచాం. దాన్ని 45కు తగ్గిద్దామని కూడా ఒక ప్రతిపాదన వచ్చింది, భూపటలం మందం అంతే కదా అని. నేను ఒప్పుకోలేదు. ములుగు లాంటి భూకంపానికి లోతు 40 అని వస్తే, దాని మీద పది పదిహేను కిలోమీటర్ల అనిశ్చితి మామూలే. 45 పెడితే ఈ ప్రాంతంలో వచ్చే అతి ముఖ్యమైన భూకంపమే మాగ్నిట్యూడ్ లేకుండా పోయే ప్రమాదం ఉంది. పటలం మందానికి అనిశ్చితి కలిపితే 80 సరిగ్గా ఉంది. కొత్త వెర్షన్లలో ప్రాంతాల వారీగా వేరే లోతు పరిధి పెట్టుకునే సౌకర్యం వచ్చింది. హిందూకుష్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకు అది చాలా పనికొస్తుంది. మాకు 8 డిగ్రీల లోపల లోతైన భూకంపాలు వచ్చే చోటే లేదు కాబట్టి మేము వాడలేదు.

అసలు మార్పు హెచ్చరిక స్క్రిప్ట్‌లో చేశాం. మాగ్నిట్యూడ్ లేని ఈవెంట్‌కు అది నోరు మూసుకునేది. ఇప్పుడు నెట్‌వర్క్ లోపల ఈవెంట్ వచ్చి, ఆంప్లిట్యూడ్‌లు ఉండి, మాగ్నిట్యూడ్ లేకపోతే డ్యూటీ మనిషికి మాత్రమే వేరే మెసేజ్ పోతుంది: లోతు చూడండి, పిక్‌లు చూడండి. బయటివాళ్లకు ఏదీ పోదు. మనిషి చూసి, దొంగ ఈవెంట్ అయితే తీసేస్తాడు, నిజమైనదైతే లోతు సరిచేస్తాడు. మాగ్నిట్యూడ్ తనంతట తానే వస్తుంది.

భూపాలపల్లి స్టేషన్‌కు పిక్ ఫిల్టర్‌ను గని చప్పుడు తక్కువుండే ఫ్రీక్వెన్సీ పట్టీకి మార్చాం. హనుమకొండ స్టేషన్‌కు కాజీపేట రైళ్ల చప్పుడుతో ఇలాంటి బాధే ఉండేది, దాన్ని ఇంతకుముందే సరిచేశాం.

కనీస లోతు గురించి కూడా ఒక విషయం. గ్రానైట్ క్వారీ పేలుళ్లు, ఓపెన్‌కాస్ట్ పేలుళ్లు ఇక్కడ రోజూ ఉంటాయి. లోతును సముద్ర మట్టం నుంచి కొలిచే నాన్‌లిన్‌లాక్ లాంటి లొకేటర్, అంటే స్థలం లెక్కించే ప్రోగ్రామ్, వాడితే, భూమి పైన జరిగిన పేలుడుకు లోతు సున్నా కన్నా తక్కువ రావచ్చు, వరంగల్ దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి. కనీస లోతు ఖచ్చితంగా 0 అని పెట్టి ఉంటే అవి కూడా మాగ్నిట్యూడ్ లేకుండా పోతాయి. పేలుళ్లకు మాగ్నిట్యూడ్ ఎందుకని అడగొద్దు. ఫలానా పేలుడు వల్లే ఇల్లు పగిలిందని ఊరివాళ్లు వచ్చినప్పుడు మన దగ్గర అంకె ఉండాలి. మేము −1 కి.మీ. పెట్టుకున్నాం.

లోతు పరిధి ఎస్‌సీ‌ఆంప్ వైపు కూడా పెట్టుకోవచ్చు. అక్కడ పెట్టకండి. ఆంప్లిట్యూడే కొలవకపోతే, తర్వాత లోతు సరిచేసినప్పుడు మాగ్నిట్యూడ్ వెంటనే రాదు, తరంగ రికార్డు మళ్లీ తెచ్చుకుని కొలవాలి. మా కేసులో ఆంప్లిట్యూడ్‌లు ముందే ఉన్నందువల్లే లోతు మార్చిన మరుక్షణం 3.1 కనిపించింది. పరిధిని ఎస్‌సీ‌మ్యాగ్ దగ్గరే ఉంచండి. మార్చిన తర్వాత సెట్టింగులను అమలు చేసే అప్‌డేట్-కాన్ఫిగ్ ఆదేశం నడిపి రెండు మాడ్యూళ్లనూ మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే పాత విలువలే నడుస్తుంటాయి.

అన్నీ మార్చాక పాత రికార్డులను టెస్ట్ మెషీన్ మీద మళ్లీ ఆడించాం. 2024 ములుగు భూకంపం, క్వారీ పేలుళ్లు, లోతైన దూరపు భూకంపాలు, ఈ కేసులోని ఈవెంట్. ములుగుకు మాగ్నిట్యూడ్ ఆటోమేటిక్‌గా వచ్చింది. పేలుళ్లకు వచ్చింది. దూరపు వాటి దొంగ ఈవెంట్లకు రాలేదు, డ్యూటీ మెసేజ్ మాత్రం వచ్చింది. ఈ కేసు ఈవెంట్‌లో కొత్త ఫిల్టర్‌తో భూపాలపల్లి పీ సరిగా దొరికి, ఆటోలాక్ లోతును 80 లోపే ఇచ్చింది.

ఇంకా చేయాల్సినవి రెండు. లోయలోని ఒక్కో స్టేషన్‌కు ఇసుకరాయి ఆలస్యం ఎంతో తేల్చి స్టేషన్ దిద్దుబాటుగా పెట్టాలి, దానికి సమయం, చోటు ముందే తెలిసిన గని పేలుళ్ల వివరాలు అడుగుతున్నాం. ఏటూరునాగారంలో ఒక స్టేషన్‌కు చోటు చూస్తున్నాం, రోడ్డుకు దూరంగా, కరెంటు అందే చోట. అది వస్తే అటువైపు లోతులను స్థిరం చేయకుండానే రాయగలుగుతాం.